నాలుక తడి

కొయలింగ, కాలిఫోర్నియా
సెప్టెంబరు 12, 1977

సమస్త ప్రజలకు, ముఖ్యంగా ఆరెగాన్ రాష్ట్రం ప్రైన్‌విల్‌లో కోళ్లు పెంచుకుంటున్న వెర్నా అనే ఆవిడకు తెలియజేయడమేమనగా: నేటి నుండి పచ్చగా కనపడిన ప్రతి రాయినీ విలువైన జేడ్ అని పిలవడం నేరంగా పరిగణించబడును. మొదటిసారి పిలిచిన వారిని మందలించి వదిలేయడం జరుగును. రెండోసారి పిలిచినవారు నా కుక్క జడ్జిగారి ఎదుట నిలబడి, ఆయన తోక ఆడించేవరకు క్షమాపణ చెప్పుకోవలెను. మూడోసారి పిలిచినవారికి శిక్ష లేదు, వారు ఇక బాగుపడరు గనుక. ఈ ఉత్తర్వు మీద అప్పీలు లేదు.

అక్కా,

ఈ ఉత్తరంతోపాటు ఒక బరువైన పెట్టె వస్తుంది. పోస్టుమాన్ తిట్టుకుంటే నా పేరు చెప్పు, అలవాటైన పేరే. లోపల ఐదు పచ్చరాళ్లు ఉన్నాయి. ఏది ఏమిటో రాయలేదు. నువ్వే తేల్చి నాకు రాయాలి.

ముందు గోటితో గీరు. పొడి రాలితే అది బలపం రాయి. రాలకపోతే చాకు మొనతో గీయి. గీత పడిందా, అది సర్పెంటైన్ అనే మెత్తరాయి. గీత పడకుండా చాకు ఇనుమే బూడిదరంగు చారగా రాయి మీద మిగిలిందా, అప్పుడు కుర్చీలో కూర్చుని జేడ్ గురించి ఆలోచించు. సర్పెంటైన్‌ని ముట్టుకుంటే కొవ్వొత్తిని నిమిరినట్టుంటుంది. జేడ్ చల్లగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంటుంది. పిస్తాగింజ రంగులో ఉన్నది ఎపిడోట్, దానితో మోసపోకు. ఇక రాయి అసలు రంగు తడిపితేగాని తెలియదని నీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లు దగ్గర లేకపోతే నాలుక ఉంది. ఆర్విల్ బావ నాకని రాయి ఆరెగాన్‌లో ఉందా? రాయి నాకిన నోటితో ముద్దు పెట్టొద్దని నువ్వు ఆయన్ని వరండాలో నిలబెట్టి కడిగించేదానివి.

తెల్లటి పట్టుచారలున్న పెద్ద రాయి పచ్చకొండ మీద ఒక గుంతలో దొరికింది. ఆ కొండ నాకు ఎప్పుడూ సరిపడదు. కొండంతా రాతి పచ్చదనమే, గడ్డిపరక ఉండదు. దేవదారు చెట్లు నా భుజం దాటి పెరగవు. పిట్ట అరవదు. జడ్జి బండి దిగడు. అద్దంలోంచి నన్నే చూస్తుంటాడు, వీడు తిరిగొస్తాడా లేక నేనే బండి నడపాలా అన్నట్టు.

ఏప్రిల్‌లో బావ పోయినప్పటి నుంచి నువ్వు షెడ్డు తాళం తీయలేదని మీ పక్కింటి బాస్కమ్ గారు నాకు రాసింది. ఆవిణ్ణి తిట్టకు. బావ రాళ్లు కోసే రంపం తుప్పు పడుతుంది. తాళం తియ్యి.

నీ ఒక్కగానొక్క, అందువల్ల ఉత్తముడైన తమ్ముడు
డ్వైట్


ప్రైన్‌విల్
సెప్టెంబరు 24, 1977

ఒరే డ్వైట్,

గోటికి రాలింది బలపం. పిస్తా రంగుది ఎపిడోట్. రెండిటికి గీతలు పడ్డాయి, సర్పెంటైన్‌లు. మిగిలిన చిన్నది జేడ్ అనుకుని మురిసిపోయాను గాని, వెలుతురుకి పట్టి చూస్తే అంచు దగ్గర బుడగలున్నాయి. అది బీరు సీసా ముక్క. అరగదీసి పంపావు. నీకు యాభై మూడేళ్లు వచ్చాయని ఎవరైనా చెబితే బాగుండును.

తాళం తీశాను. ఆయన చొక్కా ఇంకా మేకుకే ఉంది. కాసేపు గుమ్మంలోనే నిలబడి, తర్వాత లోపలికి వెళ్లి ఊడ్చాను.

పెద్ద రాయిని కోశాను. లోపల ఆ తెల్లచారలు ఎంత అందంగా ఉన్నాయో. పిల్ల జుట్టు దువ్వినట్టు, వేలితో రేపితే దారాలుగా విడిపోతున్నాయి. రంపం తొట్టెలో నూనె పోస్తే ఆ నూనె రాయిలోకి ఇంకి మచ్చ పడుతోంది. నీళ్లు పోద్దామంటే ఇక్కడ అప్పుడే పొద్దున్నే గడ్డ కడుతున్నాయి. అందుకని పొడిగానే కోస్తున్నాను. మెత్తటి రాయేగా, తెగుతుంది. తలుపు వేసుకుని, పొయ్యి వెలిగించుకుని, మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటున్నాను. బయటికొచ్చేసరికి పిండిమర నుంచి వచ్చినట్టుంటాను. ఎన్నాళ్లకో రెండు పూటలా ఆకలేసింది.

ఇంకో పెట్టె పంపు. సీసా ముక్కలు నీ దగ్గరే ఉంచుకో.

అక్క
వెర్నా


కొయలింగ
అక్టోబరు 5, 1977

అక్కా,

ఈ ఉత్తరంలో హాస్యం లేదు. వెతకొద్దు.

లారీ చక్రం ఎత్తబోయి నడుం పట్టేసింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు నా నడుం చూడకుండా నా బూట్లు చూశాడు.

“ఆ తెల్ల దుమ్ము ఎక్కడిది?” అన్నాడు.

“పచ్చకొండది. రాళ్లకి వెళ్తుంటాను.”

ఆయన నర్సు చేత నా బూట్లు బయట పెట్టించి, తను చేతులు కడుక్కుని వచ్చాడు. ఆ తెల్ల పట్టుదారాలు రాతినార, అదే ఆస్‌బెస్టాస్ అట అక్కా. కోస్తే కంటికి కనపడనంత సన్నగా లేచి, ఊపిరితో లోపలికి పోయి అక్కడే ఉండిపోతాయట. ఇవాళ ఏమీ తెలియదు. ఇరవై ముప్పై ఏళ్లకు ఊపిరి ఆడదు. “పొడిగా కోసేవాళ్లెవరైనా మీకు తెలుసా?” అని అడిగాడు.

కోయడం ఆపు. ఆపలేకపోతే నీళ్లు పోసి కొయ్యి, తలుపులు తీసి కొయ్యి, ముక్కుకి గుడ్డ కాదు, సరైన ముసుగు కట్టుకో. ఊడవకు, తడిగుడ్డతో తుడువు. డాక్టరిచ్చిన అచ్చుకాగితం ఇందులో పెట్టాను.

డ్వైట్


ప్రైన్‌విల్
అక్టోబరు 14, 1977

ఒరే డ్వైట్,

బాగుంది. కిందటిసారి కంటే చాలా బాగుంది. అచ్చు కూడా ఈసారి నీటుగా ఉంది.

కిందటిసారి సంగతి మరిచిపోయానుకున్నావా? “రాష్ట్ర కోళ్ల నమోదు శాఖ” పేరిట నువ్వు పంపిన నోటీసు, కింద గుండ్రటి ముద్ర, సంతకం. నా కోళ్లన్నిటి కాళ్లకీ నంబరు బిళ్లలు కట్టాను. తనిఖీ అధికారి వస్తాడని కొత్త మేజాగుడ్డ పరిచి కేకు చేశాను. ఆర్విల్ టై కట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. చీకటి పడ్డాక ఆ కేకు మేమే తిన్నాం.

ఇప్పుడు రాతిలో దారాలట. అవి మనిషిలోకి దూరతాయట. ముప్పై ఏళ్లు ఆగి చంపుతాయట. నాకు అరవై ఒకటి. మరీ ఇంత తీరిక ఉన్న హంతకుణ్ణి నేనెక్కడా చూడలేదు.

నడుం సంగతి నిజమైతే వేడినీళ్ల కాపడం పెట్టుకో. నిజం కాకపోతే సిగ్గుపడు. నాకు కొంచెం దగ్గుగా ఉంది, ఇక్కడి చలికి మామూలే. చారల రాయిలో సగం అయింది. పలకలుగా కోసి అరల మీద వరసగా పెట్టాను. దుమ్ము పట్టి అన్నీ ఒకటే రంగులో, నిద్రపోతున్నట్టున్నాయి.

వెర్నా


కొయలింగ
అక్టోబరు 24, 1977

అక్కా,

సరే, ఓడిపోయాను. డాక్టరు లేడు, దారాలు లేవు. అసలు సంగతి వేరే ఉంది. చెబితే నువ్వు భయపడతావని దాచాను.

ఆ చారల రాయి దొరికిన గుంత టాలివర్ అనే ముసలివాడు తవ్వింది. ఒంటరివాడు, గుంత పక్కనే రేకుల పాకలో ఉండేవాడు. జేడ్ దొరుకుతుందని జీవితమంతా ఆ కొండ తవ్వి, తీసిన ప్రతి రాయినీ నాకి చూసేవాడట. నాకి, ఎండలో పట్టి, కాదని పారేసేవాడు. చివరికి నాలుక నల్లబడి, మాట పోయింది. మాట పోయినా నాకడం మానలేదు. ఒక చలికాలం పాకలో చచ్చి కనిపించాడు. నోరు తెరిచే ఉంది.

ఆ గుంత రాయి ఎవరింట్లో పొడిగా ఉన్నా, చచ్చాక కూడా వాడికి మనసాగదు. పొద్దున్న లేచి చూస్తే ఆ ఒక్క రాయి తడిసి ఉంటుంది. పక్క రాళ్లు పొడిగానే ఉంటాయి. ఇక్కడ రాళ్లేరేవాళ్లందరికీ తెలుసు, పైకి అనరు. అందుకే ఆ రాయిని నీళ్లలోనే కోస్తారు, నీళ్ల బకెట్టులోనే ఉంచుతారు. తడిసిన రాయితో వాడికి పని లేదు.

తలుపు వేసుకుని పొడిగా కోయకు అక్కా. రాయిని బకెట్టులో వెయ్యి.

డ్వైట్


ప్రైన్‌విల్
అక్టోబరు 24, 1977

ఒరే డ్వైట్,

నా కిందటి ఉత్తరానికి నీ జవాబు రాకముందే ఇది రాస్తున్నాను. ఒక చిన్న సంగతి, ఎవరితోనైనా చెప్పాలనిపించింది. బాస్కమ్ గారితో చెబితే ఊరంతా తెలుస్తుంది.

ఇవాళ పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి, అర మీద మూడో పలక తడిసి ఉంది. అదొక్కటే. మిగిలినవన్నీ దుమ్ము కప్పుకుని అలాగే ఉన్నాయి. కప్పు చూశాను, కారలేదు. మంచు కురవలేదు. పలక మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు వెడల్పాటి చార. ఆ చార మేర దుమ్ము పోయి, లోపలి పచ్చదనం ఎంత లోతుగా కనిపించిందంటే, బావిలోకి తొంగిచూసినట్టు. వేలు పెట్టాను. గోరువెచ్చగా ఉంది. పొయ్యి అప్పటికి వెలిగించలేదు.

పిల్లి అయి ఉంటుంది. మాకు పిల్లి లేదు, ఎవరిదో.

వెర్నా


ప్రైన్‌విల్
నవంబరు 2, 1977

డ్వైట్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా ఉత్తరం నీకు చేరకముందే దానికి జవాబు రాశావు. రెండిటి మీదా ఒకే తేదీ. నాకు ఏడుపొచ్చింది.

నువ్వు విన్నదంతా నిజమేరా, ఒక్క పేరు తప్ప. మీ కొండ మీద టాలివరో ఎవరో ఉండుంటాడు. నా షెడ్డుకి వచ్చేది టాలివర్ కాదు. ఎన్నేళ్లు చూశాను ఆ నాలుక చారని. కింది ఎడమ మూల నుంచి మొదలెట్టి పైకి, ఒక్క గుక్కలో, చివర కుడివైపు విరుపు. ఆర్విల్ తప్ప ఇంకెవరూ రాయిని అలా నాకరు.

బకెట్టులో వెయ్యమంటున్నావు. తడిసిన రాయితో పని లేదన్నది నువ్వే కదా. నేనెందుకు తడుపుతాను? ఇప్పుడు ఇంకా ఎక్కువ కోస్తున్నాను. కోసిన దుమ్ము దులపకుండా, చక్కగా పొడిగా, అర నిండా పెడుతున్నాను. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాను, గాలికి దుమ్ము ఎగిరిపోకుండా. నిన్న రెండు తడిసి ఉన్నాయి.

దగ్గు పెరిగింది. ఫర్వాలేదు.

అక్క


కొయలింగ
నవంబరు 11, 1977

అక్కా,

నా మీదే నాటకం ఆడుతున్నావా? ఆడుతుంటే చెప్పు, ఓడిపోయానని ఊరి మధ్య నిలబడి ఒప్పుకుంటాను. నీ కవరు మీద పోస్టాఫీసు ముద్ర చూశాను. ఇరవై నాలుగే. భూతద్దం పెట్టి చూశాను. ఇరవై నాలుగే.

టాలివర్ సంగతి పక్కన పెట్టు. బావ సంగతి కూడా పక్కన పెట్టు. ఆ దుమ్ము మట్టుకు నిజం. కోళ్ల నోటీసు అబద్ధం, ఇది నిజం. రెండూ ఒక్క చేత్తోనే రాశాను, ఏం చెయ్యను? ఆ గుడ్డలు పీకెయ్. నేనే బండేసుకుని వద్దునుగాని, నడుముకి చెక్క కట్టారు, కుర్చీలోంచి లేవాలంటే జడ్జి సాయం కావాలి. ఫోను చేస్తే నా గొంతు వినగానే నవ్వి పెట్టేశావు. బాస్కమ్ గారికి ఫోను చేశాను, “మీ జోకుల్లో నన్ను కలపకండి” అంది. ఇన్నేళ్లూ నేను కష్టపడి సంపాదించుకున్న పేరు ఇది.

ఒక్క పని చెయ్యి. తడిసిన పలక ఒకటి నాకు పంపు. దులపకుండా, బాగా చుట్టి పంపు. నేను చూడాలి.

డ్వైట్


ప్రైన్‌విల్
నవంబరు 22, 1977

డ్వైట్,

పంపుతున్నాను. ఆర్విల్ చొక్కా చింపి చుట్టాను. వేరే గుడ్డలో పంపబుద్ధి కాలేదు.

నిన్న కోళ్లకు గింజలు చల్లుతుంటే బాస్కమ్ గారు కంచె దగ్గరికి వచ్చింది.

“వెర్నా, మీ ఇంటికి చుట్టాలెవరైనా వచ్చారా?”

“ఎవరూ రాలేదే, ఎందుకు?”

“షెడ్డులో ఇద్దరు దగ్గుతుంటేనూ.”

“నేనే దగ్గుతున్నాను.”

“నీ దగ్గు నాకు తెలుసులే. నువ్వు దగ్గాక ఇంకోటి వస్తోంది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నట్టు.”

నేను షెడ్డులోకి వెళ్లి తలుపు వేసుకుని దగ్గాను. ఆగి విన్నాను. నాకేమీ వినపడలేదు. బయట ఉన్నవాళ్లకే వినిపిస్తుందేమో. అదొక్కటే నాకు బాధగా ఉంది.

పొద్దున మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చి మధ్యలో కూర్చున్నాను. ఇదివరకు లేదు. ఒకటి చెప్పనా, నాకు భయం వెయ్యలేదు.

వెర్నా


కొయలింగ
డిసెంబరు 3, 1977

అక్కా,

చెప్పేది నిదానంగా చెబుతాను. నడుం వల్ల ఆగి ఆగి రాస్తున్నాను.

నీ పార్సెలు వచ్చింది. తలుపులన్నీ తీసి, ముసుగు కట్టుకుని విప్పాను. పలక పొడిగా, నీ దుమ్ముతో తెల్లగా ఉంది. దాన్ని వంటగది బల్ల మీద పెట్టాను. జడ్జి వాసన చూసి, నా మంచం కిందికి వెళ్లి పడుకున్నాడు.

పొద్దున్న బల్ల మీద పలక లేదు. బల్ల మీద దుమ్ములో నలుచదరంగా దాని ఆనవాలుంది. పలక గిన్నెలు కడిగే తొట్టెలో ఉంది, నీళ్ల అడుగున. నేను ముందురోజు తొట్టెలో నీళ్లు వదల్లేదు. గిన్నెలన్నీ తీసి పక్కన పేర్చి ఉన్నాయి. నేను గిన్నెలు పేర్చే మనిషిని కాదని నీకు తెలుసు. తొట్టె అంచుదాకా నీళ్లున్నాయి, పైన నీ దుమ్ము మీగడలా కట్టింది. కింద ఆ రాయి, కొత్తాకులా మెరుస్తోంది. తెల్లచారలు నీళ్లలో కదులుతున్నట్టున్నాయి.

నాకి ఊరుకోలేదు అక్కా. ముంచాడు. బావకి రాయి చూసుకోవడమే కావాలంటే ఎప్పటిలా నాలుకతో సరిపెట్టుకునేవాడు. ఇంత దూరం వచ్చి, గిన్నెలు తీసి, తొట్టె నింపి మరీ ముంచాడంటే నీకేదో చెబుతున్నాడు. నీకు నేరుగా చెప్పి విసిగిపోయాడేమో. నువ్వేమో తడిసిన మూల చూసి మురిసి, మళ్లీ పొడిగా కోస్తున్నావు.

ఈ ఉత్తరం నేనే కర్రపట్టుకుని నడిచి పోస్టు చేస్తున్నాను.

డ్వైట్


ప్రైన్‌విల్
డిసెంబరు 19, 1977

తమ్ముడూ,

నీ కథ నమ్మలేదు. ఒక్క ముక్క నమ్మలేదు. గిన్నెలు పేర్చి ఉన్నాయనడం దగ్గర కాస్త ఎక్కువైంది.

కాని కాగితం అంతా వంకర అక్షరాలు. నడుముకి చెక్క కట్టుకున్నవాడివి, నా రాయిని నువ్వే తొట్టెలో పడేసి, కూర్చుని ఇంత కథ అల్లి, కర్ర పట్టుకుని పోస్టాఫీసుదాకా నడిచావు. నవ్వుకోవడానికి ఎవడూ అంత దూరం నడవడు. నువ్వు నిజంగా భయపడ్డావనుకున్నాను. కథని కాదు, నీ భయాన్ని నమ్మాను.

గుడ్డలు పీకేశాను. తడిగుడ్డతో షెడ్డంతా తుడిచి, ఆ గుడ్డలు సంచిలో కట్టి డాక్టరు చెప్పినట్టు పారేశాను. అవును, డాక్టరు దగ్గరికి వెళ్లాను. నీ అచ్చుకాగితం చూపించి “ఇది మా తమ్ముడి వేళాకోళం” అన్నాను. ఆయన దాన్ని చదివి నవ్వలేదు. ఊపిరితిత్తులకు ఎక్స్‌రే ఫిల్ము తీయించాడు. ఇప్పటికి ఏమీ కనపడలేదట. కనపడాల్సింది ఉంటే చాలా ఏళ్ల తర్వాత కనపడుతుందట. దగ్గు దుమ్ము వల్లనే, తగ్గుతుందన్నాడు. తగ్గుతోంది.

ఆర్విల్ పాత కాఫీడబ్బాకి మేకుతో కన్నం పెట్టి రంపం మీద వేలాడదీశాను. గోరువెచ్చటి నీళ్లు చుక్కచుక్కగా బ్లేడు మీద పడుతున్నాయి. చారల రాయి ఇక కోయను. మిగతావి ఆ నీళ్లలోనే, తలుపు బార్లా తీసి, కోటు వేసుకుని కోస్తున్నాను. పలకలన్నీ బకెట్టులో ఉన్నాయి. కాబట్టి పొద్దున్నే వెళ్లి చూడ్డానికి ఇప్పుడేమీ లేదు. అది కొంచెం కష్టంగా ఉంది. ఫర్వాలేదు.

ఆ తొట్టె అబద్ధానికి నిన్ను క్షమించాను. టాలివర్‌ని మాత్రం తలచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది, పాపం, నోరు తెరుచుకుని.

అక్క


కొయలింగ
జనవరి 2, 1978

అక్కా,

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు తిన్నగా అన్నం తిన్నాను. ఫిల్ము మళ్లీ వచ్చే ఏడాది తీయించు. ఆ పై ఏడాది కూడా. నేను చచ్చేదాకా ఏటేటా గుర్తు చేస్తాను, అప్పుడు నా మాట నమ్మక్కర్లేదు, విసుగొచ్చి అయినా వెళ్దువుగాని.

ఇక నీళ్లడబ్బా కట్టావు కాబట్టి చెప్పినా ప్రమాదం లేదు. నువ్వు మొత్తం తిరగేసి పట్టుకున్నావు.

తొట్టె నేను చెయ్యలేదు. ఆ వారం నేను వంగి బూటులేసు కట్టుకోలేకపోయాను, తొట్టె అడుగు నుంచి రాయి తీయడానికి పక్కింటి లెస్టర్‌ని పిలవాల్సి వచ్చింది. ఆయన “నువ్వు గిన్నెలు కడిగావా?” అని రాయికంటే గిన్నెల్నే వింతగా చూశాడు. నేను నిజంగానే ఒక అబద్ధం రాద్దామని ఆ పలకని బల్ల మీద పెట్టాను. పొద్దున్నే దాని మీద కాస్త ఉమ్మేసి, బావ వచ్చాడని, నీళ్లలో కోయమన్నాడని రాద్దామనుకున్నాను. లేచేసరికి నాకు పని మిగల్లేదు. చూసింది చూసినట్టు రాశాను. నా జీవితంలో అంత తిన్నగా ఏ ఉత్తరమూ రాయలేదు, దాన్నే నువ్వు నమ్మలేదు.

అప్పటి నుంచి రోజూ తొట్టెలో నీళ్లు పోసి ఉంచుతున్నాను. ఎందుకని అడగకు. గిన్నెలు నేనే పేరుస్తున్నాను, ఇంకొకరికి పని పెట్టడం ఇష్టంలేక. జడ్జి మంచం కింద నుంచి బయటికొచ్చాడు గాని, వంటగది గడప దాటడు.

టాలివర్ మీద జాలిపడకు. ఆ గుంత రోడ్డు వేసేవాళ్లు కంకర కోసం యంత్రంతో తవ్వింది. అక్కడ పాక లేదు, ముసలివాడు లేడు, ఏ రాయినీ ఎవడూ నాకలేదు. అక్టోబరు ఇరవై నాలుగున, పొయ్యి మీద చిక్కుడుగింజలు ఉడుకుతుంటే, నిన్ను ఆ షెడ్డులోంచి ఎలా బయటికి లాగాలో తెలియక, వాణ్ణీ, వాడి నాలుకనీ, పొద్దున్నే తడిసే రాయినీ నా బుర్రలోంచే పుట్టించాను. ఈ మొత్తంలో నేను అల్లింది అదొక్కటే.

డ్వైట్